ఏఐ తప్పు చెబితే మందు ఖర్చు ఎవరిది?

అనంతపురం నుంచి రాప్తాడు మీదుగా పోతే అరగంటలో వచ్చే ఊరది. రెండేళ్ల కింద, ఆగస్టు చివర్లో, ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలను వెంటబెట్టుకుని అక్కడొక చెనిక్కాయ (వేరుశనగ) చేన్లోకి దిగాను. పిల్లలు ప్రాజెక్టు కోసం ఒక యాప్ తయారుచేశారు. ఆకును ఫోటో తీస్తే తెగులుందో లేదో చెబుతుంది. గైడ్ అని కాగితం మీద పేరు నాది. ల్యాబులో వంద ఫోటోలు చూపిస్తే తొంభైఏడు సరిగ్గా చెప్పింది కాబట్టి అందరం ధీమాగానే ఉన్నాం.

చేను పెద్దాయన మచ్చలు పడిన రెమ్మ ఒకటి తుంచాడు. బాగా కనపడాలని భుజం మీది తెల్ల తువ్వాల తీసి గట్టు మీద పరిచి, దానిపైన ఆకు పెట్టాడు. మా పిల్లల్లో ఒకమ్మాయి ఫోటో తీసింది. "ఆకు ఆరోగ్యంగా ఉంది" అని వచ్చింది. ఇంకోసారి తీసింది. మళ్లీ అదే మాట. ఆయన ఆకును తిరగేసి, అడుగున మసి చుక్కల్లాంటి మచ్చలు వేలితో చూపించి, "ఇది తిక్క తెగులు గదా పాపా. నీ ఫోనుకు కండ్లు కనపడవా?" అన్నాడు. అదే ఆకును ఎర్రమట్టి మీద పెట్టి తీస్తే "తెగులు ఉంది" అంది. పక్క చెట్టు నుంచి పచ్చగా నిగనిగలాడే ఆకు కోసి మట్టి మీద పెట్టినా "తెగులు ఉంది" అనే అంది.

రాత్రి కూర్చుని ఫోటోలన్నీ తిరగేస్తే గుట్టు బయటపడింది. తెగులు ఆకుల ఫోటోలు చేన్లో తీశారు. మంచి ఆకులను మాత్రం కాలేజీకి తెచ్చుకుని, తెల్లచార్టు మీద పెట్టి తీశారు. మోడల్, అంటే యాప్ లోపల ఫోటోలు చూసి నేర్చుకునే ప్రోగ్రాం, ఆకు వైపు చూసిన పాపాన పోలేదు. వెనక తెల్లగా ఉంటే మంచిది, ఎర్రగా ఉంటే తెగులు అని నేర్చుకుని ఊరుకుంది. పరీక్షకు పెట్టిన వంద ఫోటోలూ ఆ కుప్పలోంచి తీసినవే కదా, తొంభైఏడు మార్కులు రాక ఏమవుతాయి?

మా తెలివితక్కువతనమని కొట్టిపారేయొచ్చు గానీ, పెద్దవాళ్లకూ ఇదే జరిగింది. పంట తెగుళ్ల పరిశోధనలో బాగా వాడిన ఫోటోల భాండాగారం ప్లాంట్‌విలేజ్. 54,306 ఫోటోలు, 14 పంటలు, 26 తెగుళ్లు. 2016లో ముగ్గురు పరిశోధకులు దాంతో నేర్పిన మోడల్ 99.35 శాతం సరిగ్గా చెప్పింది. అదే మోడల్‌కు వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు చూపిస్తే 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ సంగతి దాచకుండా వాళ్ల పత్రంలో వాళ్లే రాసుకున్నారు. తర్వాత 2022లో ఇంకో పరిశోధన, ఆకును పూర్తిగా పక్కనబెట్టి, దాని వెనకున్న నేపథ్యంలోంచి ఎనిమిదంటే ఎనిమిది పిక్సెళ్లు (ఫోటోలోని అతి చిన్న చుక్కలు) తీసి మోడల్‌కు నేర్పింది. ఆకు ముఖం చూడకుండానే అది 49 శాతం సరిగ్గా చెప్పింది. కోసిన ఆకులను కాగితం మీద పెట్టి తీసిన ఫోటోలవి. ఇంతకీ ఆ 14 పంటల్లో ఆపిల్ ఉంది, స్ట్రాబెర్రీ ఉంది. చెనిక్కాయ లేదు.

ఇట్లాంటివాటిని మేం "టెక్నికల్ ప్రాబ్లం" ఖాతాలో వేసి ముందుకు పోతాం. ఆ రోజు పెద్దాయన తువ్వాల దులుపుకుంటా ఒక మాటడిగాడు: "ఇది బాగుందని చెప్తే నేను మందు కొట్టకుండా ఇడిస్తి అనుకో. పంట పోతే ఎవరిస్తారు? తెగులుందని చెప్తే కొడ్తి అనుకో. మందు దుడ్లు ఎవరిస్తారు?" ఏఐ నైతికత మీద అంతకుముందు నేను చదివిన పత్రాల్లో ఏదీ ఇంత సూటిగా అడగలేదు.

పత్రాలకేం తక్కువ లేదు. నీతి ఆయోగ్ 2021 ఫిబ్రవరిలో బాధ్యతాయుత ఏఐ సూత్రాలు ప్రకటించింది: భద్రత, సమానత్వం, గోప్యత, పారదర్శకత, జవాబుదారీతనం వగైరా. అదే ఏడాది నవంబరులో ఏఐ నైతికత మీద యునెస్కో సిఫారసును 193 సభ్యదేశాలు ఆమోదించాయి. చదివితే ఒక్క మాటకూ అడ్డుచెప్పలేం. తంటా అక్కడే ఉంది. అడ్డుచెప్పలేని మాట ఎవరి చేతినీ పట్టుకుని ఆపదు. మా పిల్లలు కూడా రిపోర్టులో "నైతిక అంశాలు" అని ఒక పేజీ రాశారు, సూత్రాలన్నీ వరసబెట్టి. తెల్లచార్టు సంగతి ఆ పేజీలో ఎట్లా దొరుకుతుంది? మధ్యాహ్నం ఎండకు ఓర్చుకోలేక, "ఆకులు కోసుకుని ల్యాబుకు పోదాం పా" అని ఒకరన్నారు, మిగతావాళ్లు సరే అన్నారు. ఆ యాప్ మంచిచెడులు తేలిపోయింది ఆ క్షణంలో.

ఇది తెగులని ఎవరన్నారు?

యంత్రానికి నేర్పడమంటే వేల ఫోటోలకు ఒక్కోదానికీ పేరు తగిలించడం. పేరు పెట్టే మనిషి పొరబడితే యంత్రం ఆ పొరపాటునే శ్రద్ధగా వల్లెవేస్తుంది. తిక్క ఆకుమచ్చ రెండు రకాలు. ముందుగా వచ్చే మచ్చ ఆకు పైన గోధుమరంగులో, చుట్టూ పసుపు వలయంతో ఉంటుంది. ఆలస్యంగా వచ్చేది ఆకు అడుగున బొగ్గులా నల్లగా ఉంటుంది. మా ఫోటోలన్నీ పైనుంచి తీసినవే. అంటే రెండో రకానికి మా మోడల్ పుట్టుగుడ్డి. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఎవరినడిగినా, ఆ మాటకొస్తే చేన్లో కలుపు తీసే ఆడవాళ్లనడిగినా, ఆకు తిప్పి చూడమని మొదటి నిమిషంలోనే చెప్పేవాళ్లు. మేం అడగలేదు. ఫోటోలకు పేర్లు పెట్టింది హాస్టల్ పిల్లలు, నెట్‌లో బొమ్మలు పక్కన పెట్టుకుని.

పసుపు రంగు సంగతి ఇంకా చిక్కు. ఆకు పాలిపోవడానికి తెగులు కారణం కావచ్చు. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము అందక కావచ్చు. దానికి అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. వట్టి బెట్ట కావచ్చు. దానికి వానే మందు. మా యాప్‌లో ఉన్నవి రెండే గడులు: ఉంది, లేదు. బెట్టకు వాడిన ఆకు ఆ రెండింట్లో దేంట్లో పడినా రైతుకు ఉపయోగం లేదు. ఎన్ని గడులుండాలన్నది కోడ్ మొదలుపెట్టకముందే, టీ తాగుతా తేల్చేసిన విషయం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో, బెట్ట అనే గడి లేకుండా పంట యాప్ చేశామంటే ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది.

యంత్రాన్ని ఏమడుగుతున్నామన్న దగ్గరే దెబ్బతిన్న పెద్ద ఉదాహరణ అమెరికా ఆసుపత్రులది. ఏ రోగికి అదనపు సంరక్షణ కావాలో ముందే చెప్పే ప్రోగ్రాం ఒకటి అక్కడ విరివిగా వాడేవాళ్లు. జబ్బు తీవ్రతను కొలవడం కష్టం కాబట్టి, వైద్యానికి ఎంత ఖర్చవుతుందన్నదాన్ని జబ్బుకు గుర్తుగా తీసుకున్నారు. నల్లజాతివాళ్లకు వైద్యం అందేదే తక్కువ కనుక, వాళ్ల మీద అయ్యే ఖర్చూ తక్కువ. దాంతో అంతే జబ్బున్నా వాళ్లు కాస్త ఆరోగ్యవంతులుగా లెక్కకొచ్చారు. ఈ వంకర సరిచేస్తే అదనపు సాయం అందేవాళ్లలో నల్లజాతి రోగుల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. గమనించాల్సింది ఏమంటే, ఆ ప్రోగ్రాంకు జాతి అనే వివరమే ఇవ్వలేదు. అయినా వివక్ష దొడ్డిదారిన వచ్చింది. రేపు ఎవరైనా మందుల అంగళ్ల బిల్లులు చూసి "ఏ చేన్లో తెగులుందో" యంత్రానికి నేర్పారనుకోండి. అప్పు పుట్టక మందు కొనలేని కౌలురైతు చేను నిక్షేపంగా ఉన్నట్టు తేలుతుంది.

అందరి పట్లా ఒకేలా తప్పు చేస్తే?

ఇక్కడ కొంచెం లెక్క చేయాలి. చిన్నదే.

బోరు కింద చేలు వంద ఉన్నాయి. తడి ఎక్కువ కాబట్టి 50 చేలకు తెగులు తగిలిందనుకుందాం. వర్షాధారం చేలు ఇంకో వంద. బెట్ట ఏడు కాబట్టి 10 చేలకే తగిలిందనుకుందాం. మన మోడల్ ఎవరి పట్లా పక్షపాతం చూపదు: తెగులున్న ప్రతి పది చేలలో ఎనిమిదింటిని పట్టుకుంటుంది, తెగులు లేని ప్రతి పదిలో రెండుచోట్ల లేనిదాన్ని ఉందంటుంది. ఇద్దరికీ ఒకటే కొలత.

బోరు రైతుల్లో 40 నిజమైన హెచ్చరికలు, 10 ఉత్తుత్తివి. మొత్తం 50లో 40 నిజం. నూటికి ఎనభై. వర్షాధారం వాళ్లకు 8 నిజమైనవి, 18 ఉత్తుత్తివి. మొత్తం 26లో 8 నిజం. నూటికి ముప్పైఒకటి. అంటే హెచ్చరిక అందుకున్న 26 మంది మెట్ట రైతుల్లో 18 మంది అనవసరంగా మందు కొనుక్కొస్తారు. ఒకే మోడల్, ఒకే తప్పుల శాతం. భారం మాత్రం దుడ్లు లేనివాడి మీద ఎక్కువ పడింది.

సరే, మెట్ట చేలకు ఇంకాస్త గట్టి రుజువు దొరికితేనే హెచ్చరిద్దాం అంటే, అక్కడ నిజంగా తెగులున్నవి ఎక్కువ తప్పిపోతాయి. అప్పుడు "మా చేలంటే లెక్కలేదా?" అని వాళ్లు అడుగుతారు. రెండు గుంపుల్లో తెగులు ఒకే పాళ్లలో లేనప్పుడు, మోడల్ అస్సలు తప్పు చేయనిదైతే తప్ప, హెచ్చరికల నమ్మకమూ తప్పుల శాతమూ రెండూ ఇద్దరికీ సమానంగా రావు. ఇది కోడ్ రాసేవాడి చేతగానితనం కాదు, గణితం. 2016లో అమెరికాలో దీని మీదే పెద్ద రగడ జరిగింది. నిందితుడు మళ్లీ నేరం చేస్తాడా అని అంచనా వేసే కంపాస్ అనే ప్రోగ్రాం నల్లజాతివాళ్ల మీద తప్పుడు హెచ్చరికలు దాదాపు రెట్టింపు వేస్తోందని ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టింది. మా స్కోరు ఎవరికిచ్చినా దాని అర్థం ఒకటే అని ఆ ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీ వాదించింది. ఎవరి కొలబద్ద ప్రకారం వాళ్ల మాట నిజమే. రెండు కొలబద్దలూ ఒకేసారి కుదరవని తర్వాత పరిశోధకులు నిరూపించారు.

కుదరనప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎవరు? మామూలుగా, రాత్రి పదకొండు గంటలకు స్క్రీన్ ముందు కూర్చున్న ఇరవై ఒక్కేళ్ల పిల్లాడు. ప్రోగ్రాంలో 0.5 అని ఒక అంకె ఉంటుంది. యంత్రానికి ఎంత అనుమానముంటే "తెగులు ఉంది" అనాలో అది చెబుతుంది. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందని మావాణ్ణడిగితే "డిఫాల్ట్ సార్" అన్నాడు, అంటే ప్రోగ్రాంతోనే వచ్చిన అంకె.

మేం రెండోసారి ఆ ఊరికి పోయినప్పుడు ఫోను చూపించలేదు. పై లెక్కను చెనిక్కాయలతోనే రచ్చబండ మీద పేర్చి చూపించాం. పెద్దాయన తేల్చి చెప్పాడు: "బెట్ట ఏడు మందు మీద దుడ్లు పెట్టేకి మాకు శక్తి లేదు. గట్టిగా తెలిస్తేనే చెప్పల్ల." పక్కన బోరున్న ఆయన ఒప్పుకోలేదు. "నాకైతే అనుమానమున్నా చెప్పల్ల. నేను పోయి చూసుకుంటా." దాంతో యాప్ తెరవగానే "మీది బోరు కిందా, వర్షాధారమా?" అని అడిగేట్టు చేసి, రెండు అంకెలు పెట్టాం. ఇంతకన్నా మంచి పద్ధతులు ఉండొచ్చు. కానీ ఆ రెండు అంకెలు ఎవరు, ఎందుకు పెట్టారంటే చెప్పేకి మా దగ్గర జవాబుంది.

ఆ అంకెను ఇంకొకరు కూడా కదిలించగలరు. ఒక మందుల అంగడాయన మా పిల్లలను పిలిపించుకుని, ఖర్చు తను భరిస్తానన్నాడు. తెగులు చెప్పిన చోట కింద తన దగ్గర దొరికే మందు పేరు చూపిస్తే చాలు. మోసం చేయమనలేదు, అబద్ధం చెప్పమనలేదు. కానీ 0.5ను 0.3 చేస్తే హెచ్చరికలు పెరుగుతాయి, డబ్బాలు అమ్ముడవుతాయి, "ముందుజాగ్రత్త" అని పేరూ వస్తుంది. నిజం చెప్పాలంటే నేనూ రెండ్రోజులు ఊగిసలాడాను. ఫోటోలు దాచే సర్వర్‌కు నెలనెలా నా జేబులోంచి పోతా ఉంది. చివరికి వద్దన్నాం. ఇది ఏ సాఫ్ట్‌వేర్ పరీక్షలోనూ తేలే విషయం కాదు. తెగులు చెప్పేవాడు, మందు అమ్మేవాడు ఒకడే అయితే ఏమవుతుందో ఇక్కడ ప్రతి రైతుకూ అనుభవమే.

తప్పని ఎవరికి చెప్పుకోవాలి?

ఆకు దగ్గర పొరపాటు జరిగితే రైతుకు కండ్లున్నాయి, తిప్పి చూసుకుంటాడు. బియ్యం కార్డు రద్దయితే ఏం తిప్పి చూసుకుంటాడు? తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను పేర్లూ చిరునామాలూ పోల్చి ఒక్కచోట కలుపుతుంది. రిక్షా తొక్కే ఒకాయన పేరు, కారున్న ఇంకొకరి పేరుతో అందులో కలిసిపోయి ఆ కుటుంబానికి రేషన్ అందకుండా పోయిన సంగతి పత్రికల్లో వచ్చింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మన సీమలో వీధికి ముగ్గురు ఓబులేసులు, నలుగురు నాగరాజులు, ఇద్దరు ఖాజాలు ఉంటారు. ఒకే పేరును ఆధార్‌లో ఒకలాగ, పాసుపుస్తకంలో ఒకలాగ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటారు. పేర్లు పోల్చే యంత్రం ఇక్కడ ఎట్లా తడబడుతుందో ఊహించేకి పరిశోధన అక్కర్లేదు.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకునే వేలాది తల్లిదండ్రులను పన్నుల శాఖ మోసగాళ్లుగా ముద్రవేసింది. అనుమానితులను ఏరే ప్రోగ్రాం పౌరసత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. చివరికి 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో రోబోడెట్‌గా పేరుపడిన పథకంలోనైతే ఏఐ అనదగ్గదేమీ లేదు. ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్ల ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాలకు సగటు చేసి, తేడా వచ్చినవాళ్లకు బాకీ నోటీసులు పంపారు. ఒక నెల పని దొరికి ఇంకో నెల దొరకనివాళ్లకు సగటు ఏం సరిపోతుంది? 2020లో 72 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా వెనక్కి ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది.

ఈ మూడు చోట్లా యంత్రం పొరబడింది సరే. అంతకు మించి జనాన్ని నలిపింది ఏమంటే, నిరూపించుకునే భారం బాధితుడి నెత్తిన పడింది. "సిస్టం అట్లా చూపిస్తోంది" అనే మాట ఆఫీసు కిటికీ అవతలినుంచి వచ్చాక, ఇవతలివాడికి ఎక్కే గడప ఉండదు. కాబట్టి ఏ యాప్ గురించైనా నేనిప్పుడు మొదట అడిగేది దాని శాతం కాదు. ఇది తప్పంటే వినే మనిషి ఎవరు, ఆ మనిషికి నిర్ణయం తిరగరాసే అధికారం ఉందా, తిరగరాసేదాకా బియ్యం ఆగుతాయా ఆగవా?

చట్టం కొంతవరకు తోడొస్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి అడిగే నోటీసును ఇంగ్లీషులోనో, ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనో చదువుకునే వీలు కల్పించాలి, అంటే తెలుగులోనూ. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. ఆకు ఫోటోలో వ్యక్తిగతం ఏముంది అంటారేమో. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో వెంట ఆ చేను ఎక్కడుందో కూడా వస్తుంది. దానికి ఫోన్ నంబరు తోడైతే, ఎవరి పంట దెబ్బతిందో కోతకు ముందే దళారికి తెలిసిపోతుంది. మేం ఊరి పేరు దాకా ఉంచుకుని మిగతాది చెరిపేశాం.

తెలుగులో నోటీసు సరే, ఏ తెలుగు? నోటితో చెబితే వినే సౌకర్యం పెట్టి చూశాం. దానికి "వేరుశనగ" తెలుసు. "చెనిక్కాయ" అంటే తడబడింది, "బుడ్డలు" అంటే చేతులెత్తేసింది. "మచ్చలు పన్యాయి" అన్న వాక్యాన్ని ఏమని రాసుకుందో ఇక్కడ చెప్పను. టీవీ తెలుగులో మాట్లాడినవాళ్లకే పని జరిగితే దాన్ని సమానత్వం అనలేం, అందుకే ఆ సౌకర్యం తీసేశాం.

2019లో కొందరు పరిశోధకులు "మోడల్ కార్డ్" అని ఒక పద్ధతి సూచించారు. మందు డబ్బా మీద చీటీ లాంటిదే: ఈ మోడల్ దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు, ఎవరి మీద ఎంత తప్పు చేస్తుంది. మా యాప్ తెరవగానే కనబడేట్టు పిల్లలు తెలుగులో రాసింది ఇది:

"ఇది ఎర్రనేల చెనిక్కాయలో మాత్రమే నేర్చుకుంది. నల్లరేగడిలో పరీక్షించలేదు. బెట్టకూ, ఇనుము లోపానికీ, తెగులుకూ మధ్య తికమక పడుతుంది. ఆకు రెండువైపులా ఫోటో తీయండి. అనుమానముంటే రైతు సేవా కేంద్రంలో చూపించండి."

గడులు కూడా రెండు నుంచి మూడు చేశాం. మూడోది "తెలీదు". చేన్లో పరీక్షిస్తే పది ఫోటోల్లో మూడుకు ఆ జవాబే వచ్చేది. ఫైనల్ వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు "తెలీదని చెప్పేకి ఏఐ ఎందుకమ్మా?" అని నవ్వాడు. మార్కులు తగ్గాయి. ఆ అమ్మాయి బయటికొచ్చి కాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత సంగతి ఎవరూ రిపోర్టుల్లో రాయనిది. పిల్లలు చదువైపోయి వెళ్లిపోయారు, ఇద్దరు బెంగళూరులో ఉన్నారు. చీటీ కింద ఇచ్చిన ఫోన్ నంబరు వాళ్లలో ఒకరిది, అది మారిపోయింది. మోడల్‌కు కొత్త ఫోటోలు నేర్పేవాళ్లు లేరు. సిగ్నల్ లేకున్నా పనిచేయాలని మోడల్‌ను ఫోన్లోనే పెట్టాం. అప్పుడది మంచి ఆలోచన అనిపించింది. ఇప్పుడు సర్వర్ ఆపేసినా ఆ యాప్ ఆగదు. ఎన్నేళ్లయినా పాత తెలివితోనే జవాబులు చెబుతా ఉంటుంది.

అందుకని మొన్న జూన్‌లో, విత్తనం పడకముందే ఆ ఊరికి పోయి, ఎవరెవరి ఫోన్లో ఉందో అడిగి ఒక్కొక్కటిగా తీసేయించాను. పద్నాలుగు ఫోన్లు. బోరాయన ఫోనిస్తా అన్నాడు: "నా దాంట్లో తీసేస్తివి సరే సార్. మా బామ్మర్దికి వాట్సాప్‌లో పంపిచ్చింటి. వాళ్లది ఉరవకొండ అవతల, నల్లరేగడి." ఆ ఊరికి ఇంకా పోలేదు.